పదేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టుకోవాలంటే ఏది ముందు?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీది మలికిపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు వారపత్రికలు, నవలలు బాగా చదివేవారు. గత పదేళ్లలో ఒక్క పుస్తకం కూడా పూర్తి చేయలేదు. మళ్లీ మొదలుపెడదామని, అందరూ చెప్పిన ‘వేయిపడగలు’, ‘మహాప్రస్థానం’ తెప్పించుకుంటే రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. ఇంట్లో చూపు తగ్గిన అమ్మగారు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉన్నారు. కథలు, నవలలు, కవిత్వం, సైన్సు, అన్ని రకాల్లోనూ నాకు ఇష్టమైనవి, మీ ముగ్గురికీ పనికొచ్చేవి చెప్పమన్నారు.

సూటిగా చెప్పేస్తాను. మీరు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథలతో మొదలుపెట్టండి, అందులోనూ ‘గులాబీ అత్తరు’ ముందు. అమ్మగారికి సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కతలు’ చదివి వినిపించండి. అమ్మాయికి నండూరి రామమోహనరావు గారు అనువదించిన ‘కాంచనద్వీపం’ ఇవ్వండి. ఈ మూడూ అయ్యాకే మిగతావి. వేయిపడగలు బీరువాలో అలాగే ఉండనివ్వండి. దాని సంగతి కింద చెప్తాను.

నేను ఇరవై ఆరేళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. అంతకుముందు మా అన్నయ్య నడిపిన అద్దె పుస్తకాల కొట్లో కూర్చునేదాన్ని. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, లావు దారంతో కుట్టి, మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి అట్ట వేసేవాళ్లం. పురుగు పట్టకుండా ఉండాలంటే ఆ మైలుతుత్తం ఉండాల్సిందే. అలా బైండు చేసిన పుస్తకాలు కొన్ని ఇప్పటికీ మా ఇంట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

గ్రంథాలయంలో పుస్తకం తిరిగొచ్చినప్పుడు నేను పేజీల అంచులు చూసేదాన్ని. బాగుందా అని అడిగితే మొహమాటానికి ‘బాగుందండి’ అంటారు. అంచులు అబద్ధం చెప్పవు. మా దగ్గరున్న వేయిపడగలు ప్రతిలో మొదటి అరవై పేజీల దాకా అంచులు వేళ్ల మరకలకి గోధుమరంగుకి తిరిగాయి. ఆ తర్వాత ఒక్కసారిగా తెలుపు. అంటే ఎంతోమంది మీలాగే అక్కడ ఆగారు. శ్రీపాద కథల సంపుటాలు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే రంగులో నలిగి ఉండేవి. మీరు ఒక్కరే ఆగిపోయారని అనుకోవద్దని ఇది చెప్తున్నాను.

శ్రీపాద ఎందుకంటే, చాలాకాలం చదవడం మానేసినవాళ్లకి ముందు పోయేది ఒకటే: పేజీ మీది మాట చెవిలో పలకడం. కళ్లు అక్షరాల మీద నడుస్తుంటాయి, లోపల ఎవరూ మాట్లాడరు. రెండు పేజీలయ్యాక ఏం చదివామో గుర్తుండదు, చెయ్యి ఫోను మీదకి పోతుంది. ఆ చెవి తిరిగి రావాలంటే, మనం పుట్టి పెరిగిన ఇంట్లో విన్న మాటలాంటి మాట కావాలి. శ్రీపాద వారు 1891లో తూర్పుగోదావరి పొలమూరులో పుట్టారు. మా నాయనమ్మ మాట్లాడినట్టే ఆయన కథల్లో ఆడవాళ్లు మాట్లాడతారు. ఆ దెప్పిపొడుపు, ఆ లాలన, మాట మధ్యలో తుంచేసి ఎదుటివాళ్లని ఆలోచనలో పడెయ్యడం, అన్నీ ఉంటాయి. పేజీలకి పేజీలు సంభాషణే నడుస్తుంది. ఎవరు ఎవరితో అంటున్నారో మాట తీరునిబట్టే తెలిసిపోతుంది.

‘గులాబీ అత్తరు’ ఢిల్లీ నుంచి పెద్దాపురం వచ్చిన ఒక అత్తరు సాయిబు కథ. తన జీవితమంతా పోసి చేసిన సరుకుని, దాని విలువ తెలిసిన ఒక్క మహారాజుకి చూపించాలని వస్తాడు. దివాణంలో అడుగడుగునా అడ్డుపడే మనుషులు. చివర ఏమవుతుందో చెప్పను. చదివాక ఆ పూట మీకు ఇంకేం చదవాలనిపించదు. అది మంచి గుర్తే. ఆ మర్నాడు ‘వడ్లగింజలు’ చదవండి. అందులో చదరంగం ఆట ఉంది, గడికి గడికి రెట్టింపయ్యే గింజల లెక్క ఉంది. మీ అమ్మాయిని 64 గళ్లకీ కూడి చూడమనండి. మొత్తం ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. మా గ్రంథాలయానికి వచ్చే ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు ఆ లెక్క మూడు కాగితాల మీద చేసుకొచ్చి నాకు చూపించి, ‘ఈ కథ రాసినాయన ఇంకేం రాశారండి?’ అని అడిగాడు. మరో రెండు సంపుటాలు అప్పటికప్పుడే తీసుకెళ్లాడు.

ఆయన కథలు నచ్చితే ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదవండి. వేదం, సంస్కృతం తప్ప తెలుగులో రాయడం తక్కువ పని అనుకునే ఇంట్లో పుట్టి, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేకపోయినా తెలుగు రచయిత అయినవాడి కథ అది. ఆత్మకథల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. రెండోది ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’. కష్టాలు చాలా ఉన్నా ఎక్కడా జాలి అడగని పుస్తకం.

మన చుట్టుపక్కల పుట్టిన పుస్తకాలు మీకు రెండో మెట్టు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగితే మొగల్తూరు ఎంతో దూరం లేదు. ‘బారిస్టర్ పార్వతీశం’ బయల్దేరింది ఆ ఊరి నుంచే. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు మొదటి భాగం 1924లో తెచ్చారు. వందేళ్లు దాటినా ఇప్పటికీ చదువుతుంటే నవ్వు ఆగదు. ఆడవాళ్ల టోపీ అని తెలియక కొనుక్కున్న పార్వతీశాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు గానీ, రెండు, మూడు భాగాలు చదివేవాళ్లు తక్కువ. మూడు భాగాలూ చదవండి. తిరిగొచ్చి, ప్రాక్టీసు పెట్టి, స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లిన పార్వతీశం వేరే మనిషి. నవ్వించిన మనిషి మీద గౌరవం ఎలా పుడుతుందో అక్కడ తెలుస్తుంది.

ముంగండ మీకు తెలిసిన ఊరే అయ్యుంటుంది. ఆ ఊరివారైన మహీధర రామమోహనరావు గారి నవల ‘కొల్లాయిగట్టితేనేమి?’ ఆ ఊళ్లోనే నడుస్తుంది. 1920ల నాటి అగ్రహారం, గాంధీగారి పిలుపు విని చదువు వదిలేసిన కుర్రాడు, ఇంట్లో ఆచారం, బయట ఉద్యమం. ఉపన్యాసాలు లేకుండా ఆ కాలాన్ని ఇంత దగ్గరగా చూపించిన నవల నాకు ఇంకోటి దొరకలేదు. ఇది నెమ్మదిగా నడుస్తుంది, కాబట్టి మొదటి పుస్తకంగా వద్దు. నాలుగోదో ఐదోదో పెట్టుకోండి. వంశీ గారి ‘మా పసలపూడి కథలు’ మీరు ఈపాటికే చదివుంటారు. చదవకపోతే రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చదవండి. అవి వరసగా పది చదివేవి కావు. పది చదివితే వంటల వాసన, కొబ్బరితోట, రేవు అన్నీ కలిసిపోతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన గోదావరి పుస్తకాలే చదువుతూ కూర్చుంటే, మన నేల గురించి కూడా సగమే తెలుస్తుంది. ఆ కొబ్బరితోటలో దింపు తీసేవాళ్లు, పొలంలో ఊడ్చేవాళ్లు తమ కథ తాము చెప్పుకుంటే ఎలా ఉంటుంది? మీకు దగ్గర్లోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి ‘పాలేరు’ నాటకం చదవండి. పాలేరు కుర్రాడు చదువుకుని పైకొచ్చే కథ. నా చిన్నతనంలో మా పేటలో పెద్దవాళ్లకి అందులో మాటలు నోటికొచ్చేవి. ఆయన కవిత్వం ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కూడా చదవండి. తర్వాత ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాసిన ‘మాలపల్లి’, ఆ తర్వాత కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’. ఈ చివరిది చదివిన రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. మా గ్రంథాలయంలో దాని గడువు చీటీ మీద తేదీ ముద్రలు దగ్గరదగ్గరగా పడి, రెండో చీటీ అతికించాల్సి వచ్చింది. అలా ఒకే ఏడాదిలో రెండో చీటీ పడ్డ నవలలు చాలా తక్కువ.

నవలల్లో నా ప్రాణం మాత్రం ‘వనవాసి’. బెంగాలీలో విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1939లో తెచ్చిన ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం గారి అనువాదం. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ బీహారులో ఒక ఎస్టేటుకి మేనేజరుగా వెళ్తాడు. అక్కడ ఉన్నదంతా అడవి. అతని పని ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం. వెళ్లిన కొత్తలో పారిపోదామనుకుంటాడు. తర్వాత ఆ అడవిని ప్రేమిస్తాడు. ప్రేమిస్తూనే తన చేతులతో కొట్టించేస్తాడు. కథ అంతే.

1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండే వయసే. మా గ్రంథాలయం పెంకులు లేచిపోయాయి. తెల్లారి తలుపు తీస్తే కిందిరెండు అరలు నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. పక్కింటి వరండాలో నులకమంచాలు వేసి, పుస్తకాలు నిలబెట్టి, పది పేజీలకొక పాత పేపరు దూర్చి ఆరబెట్టాం. చాలావాటికి పేజీలు అంటుకుపోయాయి. అప్పటిదాకా నేను చదవని ‘వనవాసి’ అలా నా చేతిలో పడింది. రోజుకి కొన్ని పేజీలు విడదీస్తూ, ఆరిన మేరకే చదివాను. కోనసీమలో ఎటు చూసినా కొబ్బరిచెట్లు నేలమీద పడుకుని ఉన్న రోజులవి. తన కళ్లముందు అడవి పోతుంటే సత్యచరణ్ పడ్డ బాధ నాకు వేరే ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

అందులో యుగళప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కల విత్తనాలు, దుంపలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు. ఆ పూలు ఎవరూ చూడరు. పైసా లాభం లేదు. ఎందుకు చేస్తున్నావంటే అతని దగ్గర గొప్ప జవాబేం ఉండదు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినంతకాలం, ఎవరూ రాని సాయంత్రాల్లో అతనే గుర్తొచ్చేవాడు. మీకు చేపల చెరువుల పని అని రాశారు. వరిచేలు చెరువులైపోవడం చూసినవారు మీరు. ఈ పుస్తకం మీకు నాకన్నా ఎక్కువ చెప్పగలదు.

తెలుగు ఆడవాళ్ల నవల ఒక్కటే చదవాలంటే డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. 1950ల విశాఖపట్నం, మేడమీద గదులు, చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగం చేసే ఇందిర. ఆ ఇందిర మంచిదా చెడ్డదా అని మా గ్రంథాలయం మెట్ల మీద ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు గంటసేపు వాదించుకోవడం నేను విన్నాను. మా కాలంలోనూ అదే వాదన. రచయిత్రి 1961లో చిన్న వయసులోనే పోయారు. ఆవిడ ఇంకో పదేళ్లు ఉంటే తెలుగు నవల ఏ దారి పట్టేదో అని తలుచుకున్నప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. దీని తర్వాత రాజమండ్రిలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి గారి కథలు చదవండి, ‘బోన్‌సాయ్ బ్రతుకు’ ముందు. కుండీలో పొట్టిగా కత్తిరించి పెంచిన చెట్టు పక్కన పెట్టి ఆడపిల్ల పెంపకం గురించి మాట్లాడే కథ, నాలుగైదు పేజీలే.

మిగతా తెలుగు నేలల మాట కూడా చెవిన పడాలి. చిత్తూరు మాటలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘మిట్టూరోడి పుస్తకం’, నెల్లూరు వైపు ఖదీర్‌బాబు గారి ‘దర్గామిట్ట కతలు’, నిజాం కాలపు తెలంగాణ మీద దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’, నల్లమల గొర్రెల కాపరుల మీద సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’. మన యాసకి అలవాటైనవాళ్లకి మొదట్లో కొన్ని మాటలు అడ్డం పడతాయి. మొదటి పది పేజీలు పైకి చదవండి. అర్థం కాని మాట దగ్గర ఆగొద్దు, నిఘంటువు తియ్యొద్దు. ఇరవయ్యో పేజీకి ఆ మాట దానంతటదే తెలుస్తుంది. నామిని గారి పుస్తకం పట్టుకెళ్లిన ఒకాయన ‘ఇది తెలుగేనాండి?’ అని మర్నాడే వెనక్కి తెచ్చారు. పైకి చదవమని మళ్లీ ఇచ్చి పంపాను. వారం తర్వాత వాళ్లమ్మ తలపులు చెప్పుకుంటూ కళ్లు తుడుచుకున్నారు.

కవిత్వం దగ్గర చాలామంది చేసే పొరపాటు, నవల చదివినట్టు ఏకబిగిన చదవడం. ‘మహాప్రస్థానం’ మీకు అందుకే ఆగిపోయిందని నా అనుమానం. అది కూర్చుని మనసులో చదివేది కాదండి. చెరువుగట్టు మీద ఎవరూ లేనప్పుడు నిలబడి గొంతెత్తి చదవండి, నడక అదే దొరుకుతుంది. ఇంట్లో నిశ్శబ్దంగా చదువుకోవడానికైతే తిలక్ గారి ‘అమృతం కురిసిన రాత్రి’. తణుకు దగ్గర మండపాకలో పుట్టినవారు. 1966లో ఆయన పోయాకే ఈ సంపుటి వచ్చింది. ముందు ‘తపాలా బంట్రోతు’ చదవండి. ఊరందరికీ ఉత్తరాలు మోసేవాడి మీద రాసిన కవిత. రోజుకి ఒక్క కవితే, అంతకుమించి వద్దు. ఆయన కథల్లో ‘నల్లజర్ల రోడ్డు’ కూడా వదలకండి. ఆ రోడ్డు మీద ఎప్పుడు బస్సులో వెళ్లినా నేను కిటికీలోంచి చీకట్లోకి చూస్తాను.

సైన్సు, చరిత్రల గురించి పెద్దగా చెప్పను, నేను చదివింది తక్కువ. నండూరి వారి ‘విశ్వరూపం’ ఆకాశం గురించి, ‘నరావతారం’ మనిషి పుట్టుక గురించి. మీ అమ్మాయికి మహీధర నళినీమోహన్ గారి ‘క్యాలెండర్ కథ’, ‘గ్రహణాల కథ’ ఇంకా దగ్గరవుతాయి. చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. దీన్ని వరసగా చదవొద్దు. తిండి, ఆటలు, బట్టలు, ఏది కావాలంటే ఆ పేజీ తెరిచి చదవండి.

డిటెక్టివ్ నవలలు చదివితే సమయం వృథా అని మీ అమ్మాయికి ఎవరైనా చెప్తే వినొద్దని చెప్పండి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు కోసం మా కొట్టు ముందు లైను కట్టినవాళ్లలోనే తర్వాత పెద్ద పుస్తకాలు చదివినవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. యండమూరి వీరేంద్రనాథ్ గారు మీ రాజోలులో పుట్టినవారే. మీకు ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఇస్తాను, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ‘తులసిదళం’ మాత్రం అమ్మాయికి ఇప్పుడే వద్దు. నేను పెళ్లయ్యాక చదివి కూడా లైటు వేసుకుని పడుకున్నాను.

అమ్మాయి విషయంలో ఒక అనుభవం చెప్తాను. పుస్తకం చేతికిచ్చి ‘చదువు, మంచిది’ అనకండి. ఆ మాటతో అది స్కూలు పుస్తకమైపోతుంది. మా గ్రంథాలయంలో పిల్లల బల్ల మీద నేను ‘కాంచనద్వీపం’ మధ్యలో తెరిచి బోర్లా పెట్టి వదిలేసేదాన్ని, ఎవరో చదువుతూ లేచి వెళ్లినట్టు. పిల్లలు తప్పకుండా తీసి ఆ పేజీ చూస్తారు. ఓడ, నిధి, దొంగలు కనిపిస్తాయి. అక్కడి నుంచి మొదటి పేజీకి వాళ్లే వెళ్తారు. నండూరి వారివే ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’ కూడా ఉన్నాయి. ఫిన్ తెప్ప మీద నది దిగి వెళ్లడం గోదారి పిల్లలకి ఎంత నచ్చుతుందో చూడండి. ఇంకో ఏడాది ఆగి సహవాసి గారి అనువాదం ‘ఏడు తరాలు’ ఇవ్వండి. చాసో గారి ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ మాత్రం ఇద్దరూ కలిసి చదవండి. బడి మాన్పించిన కుర్రాడు, తండ్రికి చుట్టలు తేవడానికి బడి ముందు నుంచే వెళ్లాల్సి రావడం. అది చదివాక తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

ఇక వేయిపడగలు. అది నేను మూడోసారికి పూర్తి చేశాను, అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. చివరి పేజీ మూశాక వెంటనే లేవలేకపోయాను, అంత నిండిపోయింది మనసు. అందులోని అభిప్రాయాలు చాలావాటితో నాకు పేచీ ఉంది, ఆ వాక్యం మీద మాత్రం గౌరవమే. విశ్వనాథ వారి వాక్యానికి ఊపిరి ఎక్కువ, మనకి అది అలవాటు కావాలి. ముందు ‘ఏకవీర’ చదవండి. మధురలో ఇద్దరు స్నేహితుల కథ, చిన్న నవల. లేదా ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో వేయిపడగలతో పాటు బహుమతి పంచుకున్న అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ చదవండి. రెండూ ఒకే కాలం చూసిన పుస్తకాలు, చూసిన కళ్లు వేరు. ఏడాది తర్వాత వేయిపడగలు తీసి చూడండి. అప్పటికీ రాకపోతే మళ్లీ బీరువాలో పెట్టండి, తప్పేం లేదు.

పుస్తకాలు దొరకడం గురించి రెండు మాటలు. పైన చెప్పినవాటిలో కొన్ని ముద్రణలో ఉండవు. మీ శాఖా గ్రంథాలయంలో అడగండి. పైఅర చివర, దుమ్ములో, అట్ట ఊడి ఉంటాయి. పాతవి చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. కానీ మళ్లీ అలవాటు చేసుకునేటప్పుడు ఫోనులో చదవొద్దని నా సలహా. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి ఒకసారి వెళ్లిరండి, సంచి తీసుకెళ్లండి. మన తేమకి పుస్తకాల అర గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. వానాకాలంలో నెలకోసారి తీసి పేజీలు గాలికి ఆడించండి.

అమ్మగారి సంగతి చివరికి ఉంచాను, నాకు అది అన్నిటికన్నా ముఖ్యం. ‘ఇల్లేరమ్మ కతలు’ ఎందుకంటే, ఒక్కోటి చిన్నది, చిన్నపిల్ల గొంతుతో చెప్పింది, మధ్యలో అమ్మగారు ‘మా ఇంట్లోనూ ఇంతే’ అని అందుకుంటారు. అందుకోనివ్వండి. చదవడం ఆపి వినండి. ఆవిడకి రామాయణం బాగా తెలిసుంటే ఓల్గా గారి ‘విముక్త’ చదవండి. సీత శూర్పణఖని, అహల్యని, ఊర్మిళని కలుస్తుంది. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకుండా చెప్పే మాటల్లోనే మీకు తెలియని అమ్మ కనిపించవచ్చు. ఒక పూటకి పావుగంట చాలు, దీపాలు పెట్టే వేళ బాగుంటుంది. టీవీ కట్టేసి చదవండి.

మా ఊళ్లో ఒక తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు లొల్ల లాకుల మీదుగా బియ్యం, ధాన్యం వేసుకుని పడవ నడిపినవాడు. చూపు పోయాక మనవరాలు అతన్ని చెయ్యి పట్టుకుని గ్రంథాలయానికి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, తను లోపల చదువుకునేది. ఒకరోజు ఎవరూ లేకపోతే పాలగుమ్మి పద్మరాజు గారి ‘పడవ ప్రయాణం’ తీసి అతనికి చదివాను. రాత్రి, కాలువ, పడవ, రంగి అనే ఆడమనిషి, ఆమె వదల్లేని పద్దాలు అనే దొంగ. సగం దాకా కదలకుండా విన్నాడు. తర్వాత ఒక చెయ్యి పక్కకి చాచి, లేని చుక్కాని పట్టుకున్నట్టు వేళ్లు ముడిచాడు. అయిపోయే దాకా ఆ చెయ్యి అలాగే ఉంది. నేను పుస్తకం మూశాక కాసేపాగి, ‘ఆ అమ్మి ఎక్కడ దిగిందమ్మా?’ అన్నాడు. మళ్లీ చదివాను.